మంచం పట్టినవాళ్ళ పక్కన ఎవరుండాలి

మా జేజి ముఖం నిండా అమ్మవారి మచ్చలుండేవి. ఆ మచ్చలే ఆమెకు పని ఇప్పించాయి. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో ఎవరింట్లోనైనా అమ్మవారు పోస్తే, రోగి దగ్గర కూర్చోవడానికి ముందుగా వెతికేది అట్లాంటి ముఖాన్నే. ఒకసారి పోసి బతికినవాళ్ళకు మళ్ళీ రాదని జనానికి తెలుసు. పుస్తకాలు చదివి కాదు, చావులు చూసి తెలుసుకున్నారు. మంచం మీద వేపాకు, గడపకు వేపమండలు, ఇంట్లో తాలింపు లేదు, క్షౌరం లేదు, బయటి మనిషి గడప తొక్కడు. తల్లి మాత్రం ముఖాన ఏ మచ్చా లేకున్నా లోపలే ఉండేది, ఆమెను ఆపగలిగినవాళ్ళు లేరు. మా జేజి వేపకొమ్మతో విసురుతూ, పొక్కులు గోక్కోకుండా పిల్లల చేతులు పట్టుకొని రాత్రంతా కూర్చునేదట. కూలి మాట్లాడుకొనేది లేదు. తగ్గినాక చాటెడు జొన్నలో కొర్రలో పోసేవాళ్ళు. తగ్గకపోతే అదీ లేదు.

దేశంలో మశూచి 1975లో ఆఖరైంది. ఆ మచ్చల ముఖాలు కూడా ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. నేను ఏఎన్‌ఎంగా చేరి పులివెందుల, జమ్మలమడుగు వైపు పల్లెల్లో తిరిగి, హెల్త్ విజిటర్‌గా రిటైరయి, ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నా. నాకు పనిచేసే వయసు దాటినా, పనిమాత్రం వదలలేదు. "అక్కా, మా నాయనకు పక్షవాతమొచ్చింది. ఇంటికాడ చూసుకోనీకి ఒక మంచి మనిషిని చూడు" అంటారు. అడిగేవాళ్ళలో చాలామంది, ఇది వాళ్ళ తరానికే వచ్చిన కష్టమని నమ్ముతారు. వెనకటి కాలంలో కోడళ్ళే అన్నీ చేసేవాళ్ళు, బయటి మనిషి అవసరమే రాలేదంటారు. సగం నిజం. కోడళ్ళు గంజి కాచారు, గుడ్డలు ఉతికారు, తిట్లు తిన్నారు, అందుకు ఎవరూ రూపాయి ఇవ్వలేదు. అయితే రక్తం, చీము, మాయ తాకే పనికి మాత్రం బయటివాళ్ళు రావాల్సిందే. వాళ్ళను ఎట్లా ఎంచుకున్నారో చెప్పుకుంటే, ఇప్పటివాళ్ళు ఎట్లా ఎంచుకుంటున్నారో కూడా తెలుస్తుంది.

నారికురుపు సంగతి ఈ కాలం పిల్లలకు తెలియదు. మా సీమలో దిగుడుబావులుండేవి. మెట్లు దిగి నీళ్ళలో కాలు పెట్టి కడవ ముంచుకోవాలి. కురుపున్న మనిషి కాలు పెడితే ఆ పురుగు పిల్లలు నీళ్ళలోకి చేరతాయి. కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి, ఆ నీళ్ళు తాగినవాళ్ళ కడుపులోకి అవి పోతాయి. ఏడాది తిరిగేసరికి కాలిమీద బొబ్బ లేచి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయట పెడుతుంది. పొడవు రెండు మూరలుండొచ్చు. దాన్ని చిన్న పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. తొందరపడి లాగితే తెగుతుంది. తెగితే కాలు వాచి చీము పడుతుంది. వారాలతరబడి మంచమే, అదీ సేద్యం పనులు మొదలయ్యే రోజుల్లో. ఆ పని మంగలివాళ్ళది. గడ్డం గీసేదానికి ఏ మంగలైనా సరే, నారి తీసేదానికి మాత్రం పక్కూరి నుంచైనా సరే ఫలానా మనిషినే పిలిపించేవాళ్ళు. "ఆయప్ప చేతిలో నారి తెగదు" అన్న పేరొక్కటే చూసేవాళ్ళు. మన దేశంలో చివరి నారికురుపు 1996లో కనిపించింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు ఇక్కడ లేదని ధ్రువీకరించింది. బావులు పూడ్చి, బోర్లు వేసి, గుడ్డతో వడగట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన ఫలితం అది. అందులో నాలాంటివాళ్ళ కాళ్ళనొప్పులూ ఉన్నాయి, ఆ మాట ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నా.

మంత్రసానిని ఎంచుకునేది లేదు. ఆమె ఊరితోపాటు వచ్చేది. ఈ ఇండ్లు ఈమెవి, ఆ ఇండ్లు ఆమెవి అని అత్త నుంచి కోడలికి దిగిన హక్కు. ఎక్కువచోట్ల మంగలి ఇంటి ఆడవాళ్ళు, కొన్ని ఊర్లలో మాల మాదిగ ఆడవాళ్ళు. నొప్పులు మొదలైతే అర్ధరాత్రి లాంతరు పట్టుకొని పోవాల్సిందే, రానంటే ఊర్లో ఉండలేదు. బొడ్డు కోసి, మాయ పూడ్చి, బాలింతకూ బిడ్డకూ నూనె రాసి నీళ్ళు పోసేది. దానికి ఒక చీర, చాటెడు గింజలు, మగబిడ్డయితే ఇంకొక రూపాయి. పురుడు వెళ్ళిందాకా ఆమె లేకుంటే గడవదు. వెళ్ళినాక ఆమె తిరిగిన చోటంతా కడిగించేవాళ్ళు. ఆ ఇంటి బిడ్డను మొదట ఎత్తుకున్న మనిషి, పండక్కి అదే ఇంటికి పోతే వాకిట్లో నిలబడి చెయ్యి చాపాలి. ఇది నేను కథల్లో విన్నది కాదు, ఉద్యోగంలో చేరిన కొత్తలో పులివెందుల దగ్గరి పల్లెల్లో చూసిందే.

మా ఇంటి కథ మలుపు తిరిగింది జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి దగ్గర. లండన్ మిషనరీ సొసైటీ కడపకు 1822లోనే వచ్చింది. ఆసుపత్రి వచ్చేసరికి ఆ శతాబ్దం చివరి పదేండ్లు పట్టింది. థామస్ విన్సెంట్ క్యాంబెల్ అనే ఐర్లండు డాక్టరు దానికి మూలపురుషుడు. 1947 తర్వాత అది సీఎస్‌ఐ క్యాంబెల్ ఆసుపత్రి అయింది గానీ, ముసలివాళ్ళ నోట ఇప్పటికీ మిషన్ ఆసుపత్రే. ఈ జిల్లాలో మిషన్‌లో చేరినవాళ్ళు ఎక్కువమంది మాలలు, మావాళ్ళూ అందులోనే. కాబట్టి ఆసుపత్రిలో ఆయాలు, కాంపౌండర్లు, తర్వాత నర్సులు ఆ ఇండ్ల నుంచే వచ్చారు. మచ్చల ముఖం మా జేజి కూడా అట్లా ఆయాగా కుదిరింది. నీళ్ళు కాచడం, గుడ్డలు ఉడకబెట్టడం, మందునీళ్ళతో చేతులు కడుక్కోవడం అక్కడ నేర్చుకుంది.

పులివెందుల వైపు నుంచి రోగిని తేవాలంటే ముద్దనూరు మీదుగా ఎద్దులబండి. పెన్నలో నీళ్ళొస్తే అవతలి గట్టునే ఆగాలి. రోగితోపాటు ఇంటిల్లిపాదీ, సట్లు, కట్టెలు, జొన్నపిండి వచ్చేవి. చెట్టుకింద మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకొని ఎవరి వంట వాళ్ళు వండుకునేవాళ్ళు. మాలామె కట్టు కట్టొచ్చు, మందు పోయొచ్చు, ఒళ్ళు తుడవొచ్చు, మంచినీళ్ళు మాత్రం ఇవ్వరాదు. మా జేజి ఈ సంగతి నవ్వుతూ చెప్పేది. నాకు ఎన్నడూ నవ్వు రాలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పోయేటప్పుడు కలిగినవాళ్ళు కొందరు డాక్టరును అడిగేవాళ్ళట, ఆ ఆయాను ఒక నెల మాతో పంపండని. పెద్ద ఆపరేషన్ అయిన ఆడమనిషి, కాలు తీసేసిన ముసలాయన, అట్లాంటివాళ్ళ కోసం. ఇంటికొచ్చి చూసుకునే నర్సు అంటే మా కుటుంబంలో అదే మొదలు. పెరటి గుండా రావాలి, గ్లాసు వేరే. అయినా ఆ నెలరోజులూ ఆ గదిలో ఆమె మాటే నడిచేది. అత్తగారు కడగని చేత్తో పుండు ముట్టుకోబోతే "దొరసానమ్మ ఒప్పుకోదమ్మా" అనేది. చెప్పేది తానే, పేరు ఆసుపత్రి దొరసానిది.

మద్రాసు ప్రభుత్వం 1926లో నర్సులకూ మంత్రసానులకూ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. మా జిల్లా అప్పుడు మద్రాసు కిందే. ఆ పుస్తకంలో మా జేజి పేరు ఎక్కలేదు, ఎక్కే చదువు ఆమెకు లేదు. 1946లో, ఆరోగ్య సేవల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ దేశమంతా లెక్క తీస్తే నర్సులు ఏడు వేలమంది, చదివిన మంత్రసానులు ఐదు వేలమంది, హెల్త్ విజిటర్లు 750 మంది తేలారు. జనాభా ముప్పై కోట్ల పైన. 1951లో ఏఎన్‌ఎం చదువు మొదలైంది. ఆ చదువే నన్ను బడి నుంచి సైకిల్ మీదికి ఎక్కించింది.

1977 తర్వాత ప్రభుత్వం ఊరి మంత్రసానులకే తర్ఫీదు ఇప్పించింది. 30 పనిదినాలు, 300 రూపాయల స్టైపెండు, చివర ఒక సర్టిఫికెట్, ఒక కిట్టు. కాన్పుకు 10 రూపాయలు, కేసు మా దగ్గర రాయిస్తేనే. చేతులు, పడక, బ్లేడు, దారం, బొడ్డు, ఈ ఐదూ శుభ్రంగా ఉండాలని నేను చెప్పాలి. మొదటి విడతలోనే ఒక ముసలామె నన్ను నిలదీసింది.

"నీకెంతమంది పిల్లోళ్ళమ్మా?"

"నాకింకా పెండ్లి కాలేదవ్వా."

"అట్లయితే నువ్వేం చెప్తావు నాకు?"

అందరూ పకపకా నవ్వారు. ఆమె ప్రశ్నలో ఒక పాత లెక్క ఉంది. కని, పోగొట్టుకొని, మళ్ళీ కన్న మనిషిని ఊరు నమ్మింది. సర్టిఫికెట్‌ను నమ్మడానికి దానికి ఇంకో ఇరవై ఏండ్లు పట్టింది. ఆమె మాత్రం బ్లేడు నీళ్ళలో ఉడకబెట్టే పద్ధతి అందరికన్నా ముందు పట్టుకుంది.

ఆ తర్వాతి సంగతులు తొందరగా చెప్తా, ఇవి అందరికీ తెలిసినవే. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసిన యువ డాక్టరు వైఎస్ రాజశేఖరరెడ్డి 1973లో పులివెందులలో తండ్రి పేరుతో 70 పడకల ఆసుపత్రి పెట్టాడు. పల్లెల్లో ఆర్‌ఎంపీలు పెరిగారు. ద్వారబంధం మేకుకు సెలైన్ సీసా వేలాడదీసి, బొట్టు పడుతుండగా పక్కింటి కేసు చూసి వచ్చేవాళ్ళు. వాళ్ళను తిట్టడం సులభం, పిలిస్తే రాత్రిపూట వచ్చింది వాళ్ళే. 2005లో 108 అంబులెన్సు వచ్చింది, కాన్పులన్నీ ఆసుపత్రికి పోయాయి. మంత్రసాని ఖాళీ అయింది.

కాన్పుల గది ఖాళీ అయినప్పుడే ముసలివాళ్ళ గది నిండింది. ఇప్పుడు బతికే ఏండ్లు పెరిగాయి, మంచంలో బతికే ఏండ్లూ పెరిగాయి. బాత్రూంలో జారి తుంటి విరిగితే కొందరు పుత్తూరు కట్టుకు పోయి వస్తారు, కొందరు ఆపరేషన్ చేయించుకుంటారు. ఎట్లయినా చివరికి వచ్చేది ఇంటికే. పక్షవాతమొచ్చినవాళ్ళను ముక్కులో గొట్టం, మూత్రానికి సంచితో డిశ్చార్జి చేస్తారు. కొడుకు బెంగళూరులో, కూతురు డల్లాస్‌లో, ఇంట్లో డెబ్బై ఏండ్ల భార్య.

ఇట్లాంటి పనికి చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు మన జిల్లాలో లేక కాదు. వాళ్ళు కువైట్‌లో ఉన్నారు. కడప జిల్లా ఆడవాళ్ళు ఎన్నో ఏండ్లుగా ఖద్దామా వీసా, అంటే ఇంటిపనిమనిషి వీసా, మీద పోయి అక్కడి ముసలివాళ్ళకు స్నానాలు చేయించి, అన్నం తినిపించి, రాత్రిపూట లేచి పక్క మారుస్తున్నారు. ఇంటిపనికి పోవాలంటే 30 ఏండ్లు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. అంటే పోయేది పిల్లల్ని కన్నవాళ్ళే. వాళ్ళ సొంత అత్తమామల్ని ఇక్కడ ఎవరు చూస్తున్నారని అడిగితే, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు అని జవాబు వస్తుంది.

ఇక ప్రొద్దుటూరులో మనిషిని వెతికే తీరు. ఫోన్లో మొదటి మాట "ఎవుర్లక్కా ఆమె?". రెండోది "నెలకెంత అడుగుతాది?". తులం బంగారం ధర గంటకోసారి తెలుసుకునే ఊరు మాది, ఆ ధర దగ్గర ఎవరూ నోరెత్తరు, మనిషి కూలి దగ్గర మాత్రం వెయ్యి రూపాయలకు పొద్దుపోయేదాకా బేరం. మూడో మాట ఉండదు. నారి తెగని చెయ్యి వెతికిన తాతలకు ఉన్న తెలివి ఇక్కడ కనపడదు.

నేను అడిగేవి వేరే. గొట్టం మార్చాలా, మూత్రపు సంచి మార్చాలా, సూది వేయాలా? అట్లయితే ఏఎన్‌ఎమ్మో జీఎన్‌ఎమ్మో చదివిన నర్సు కావాలి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి చూసుకోవాలి. 1926 చట్టం మనకు మిగిల్చిన మేలు అది. ఆమె రోజంతా ఉండనక్కరలేదు, వచ్చి చేసి పోవచ్చు. స్నానం, తిండి, పక్క మార్చడమే అయితే చదువు తక్కువైనా ఓపికున్న మనిషి చాలు. ఆమెను మాత్రం ఒక్కటి అడగండి: "రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఏమవుతుంది?" నడుము కింద పుండు పడుతుందని టక్కున చెప్పిన మనిషి, ఇంతకుముందు ఆ పుండు చూసిన మనిషే. ముందు చేసిన ఇంటి నంబరు తీసుకొని, ఆ ఇంటి కొడుకుతో కాదు, కోడలితో మాట్లాడండి. పేద ఇండ్లవాళ్ళు ఈ బేరాలదాకా రాలేరు. 2024 జూలై నుంచి, పక్షవాతంతో మంచం పట్టినవాళ్ళకు రాష్ట్రంలో నెలకు 15 వేల పింఛను వస్తోంది, ఆ డబ్బుతో కూలిపని మానుకొని అత్తను చూసుకుంటున్న కోడళ్ళు నాకు తెలుసు. జీతం తీసుకున్నాక గొంతు కూడా కొంచెం పెరిగింది వాళ్ళకు, మంచిదే.

పోయిన ఏడు కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒకామెను ఒక పెద్ద ఇంటికి తీసుకుపోయా. ఇంటాయన ఆమెను అడగడం మొదలుపెట్టకముందే ఆమె అడిగింది. మంచం ఎత్తెంత? బాత్రూం ఏ పక్క? ముసలాయన బరువెంత, లేపనీకి ఇంకో మనిషి ఉండాడా? రాత్రి ఎన్నిసార్లు లేస్తాడు? నేను ఏ కంచంలో తినాల? ఆదివారం చర్చికి పోనిస్తారా? కంచం మాట దగ్గర ఇంటామె వంటింటి వైపు చూసింది. ఇంటాయన, ఆలోచించి చెప్తామన్నాడు. "చెప్పండి సార్, నేను ఇంకో ఇల్లు కూడా చూడాల" అని ఆమె లేచింది. ఆ ఇంకో ఇల్లు మైదుకూరు రోడ్డులో. మంచం ఎత్తు ఆమె చెప్పినట్టు ఇటుకలు పెట్టి పెంచారు, ఆదివారం ఒప్పుకున్నారు. అక్కడే కుదిరింది.