పరపతి సంఘంలో సభ్యుడెవరు?

‘సహకార పరపతి సంఘం’ అని మొదట తెనిగించినదెవరో గాని, మాట విలువ ఎరిగిన మనిషి. నలుగురిలో ఒకరికుండే చెల్లుబాటును పరపతి అంటాము. ఆ చెల్లుబాటును చూసి ఇచ్చే అప్పునూ పరపతి అనే అంటాము. ఈ రెండూ ఒక్కటిగా ఉన్నచోటనే ఇటువంటి సంఘం నిలుస్తుందని దానిని ఊహించినవారి నమ్మకం. తరువాతి కాలంలో ఇదే పేరు తగిలించుకొని లక్షలమంది కష్టార్జితాన్ని మింగిన సంస్థల చరిత్ర చదువుతూ పోతే, ప్రతి మలుపులోనూ నాకు ఎదురైనది మరొక మాట: ‘సభ్యుడు’. ఆ మాట పలచబడిన తీరే ఈ టపాకు విషయం.

1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐ.సి.ఎస్. అధికారికి ఒక పని అప్పగించింది. వడ్డీవ్యాపారి చేతిలో చిక్కిన రైతుకు అప్పు పుట్టే మరొక మార్గం ఐరోపా దేశాలలో ఏమున్నదో పరిశీలించమన్నది. ఆయన నివేదిక 1895లో ఒక సంపుటంగా, 1897లో రెండవ సంపుటంగా వెలువడింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు చెన్నరాజధానిలోనివే గనుక ఇది మన చరిత్ర కూడా. జర్మనీలో రైన్ నదీప్రాంతపు పల్లెలకు మేయరుగా పనిచేసిన రైఫైజన్ అనే ఆయన నడిపిన పద్ధతి నికల్సన్‌కు నచ్చింది.

ఆ పద్ధతి కిటుకు అపరిమిత బాధ్యత. సంఘం మునిగితే సభ్యుడు కట్టిన వాటాతో పోదు. ఇల్లూ పొలమూ కూడా లెక్కలోకి వస్తాయి. ఎద్దులకని అప్పు తీసుకున్న సుబ్బయ్య దానిని పెళ్లివిందుకు ఖర్చు పెడితే, రామయ్య పొలానికి ముప్పు. కాబట్టి రామయ్య ఊరుకోడు. కాపలా కాయడానికి వేరే ఉద్యోగి అక్కరలేదు, ప్రతి సభ్యుడూ తక్కినవారికి కాపలాదారే. సంఘం ఒక ఊరిని దాటకూడదన్న నియమం కూడా అందుకే. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టం ఈ ఊహకే రూపమిచ్చింది. ఒకే ఊరివారో, ఒకే వర్గంవారో కనీసం పదిమంది ఉండాలి. గ్రామీణ సంఘమైతే అయిదింట నాలుగు వంతులమంది వ్యవసాయదారులై ఉండాలి, బాధ్యత అపరిమితం.

మా పెదనాన్న మా ఊరి ‘సొసైటీ’ సర్వసభ్య సమావేశాలకు వెళ్లి గొంతు పోయేలా అరచి వచ్చేవాడు. ఎరువుల బస్తాల లెక్క దగ్గర మొదలై, ఎవరి పాలేరుకు ఎవరు హామీ పడ్డారన్నదాకా సాగేది రగడ. చిన్నతనంలో నాకది నవ్వులాట. రైఫైజన్ గురించి చదివిన తరువాత ఆ అరుపుల అర్థం తెలిసింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1966 మార్చి 1 నుండి బ్యాంకింగు నియంత్రణ చట్టాన్ని సహకార బ్యాంకులకూ వర్తింపజేశారు. ఆ చట్టం ప్రకారం బ్యాంకింగంటే ‘ప్రజల’నుండి డిపాజిట్లు తీసుకొని అప్పులివ్వడం. సభ్యులనుండి మాత్రమే తీసుకొనే సంఘం ప్రజల జోలికి పోవడంలేదు గనుక, రిజర్వు బ్యాంకు అజమాయిషీ దానిపై ఉండదు. డిపాజిట్టు బీమా కూడా వర్తించదు. ఆనాటికి ఇది సబబుగానే తోచి ఉంటుంది. ఊళ్లో పదిమంది తమ డబ్బు తాము తిప్పుకుంటుంటే బొంబాయినుండి ఒకరు వచ్చి లెక్క అడగడమెందుకు?

అజమాయిషీ ఉంటే చాలునని నేననను. 2001లో కృషి, ఆ తరువాత చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి సహకార బ్యాంకులు హైదరాబాదులో వరుసగా కూలినప్పుడు రిజర్వు బ్యాంకు అజమాయిషీ ఉంది. అయినా ఆ డిపాజిట్టుదారులకు అప్పటి లెక్కన లక్ష రూపాయలదాకా బీమా అయినా ఉండేది. అలాగే ప్రభుత్వ పెత్తనం తొలగిస్తే చాలు మోసం వస్తుందనీ అనలేము. 1995లో ఆంధ్రప్రదేశ్ చేసిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఆ పెత్తనాన్ని తొలగించడానికే వచ్చింది. దాని నీడలో ఓరుగల్లు, కరీంనగరం పల్లెల మహిళా పొదుపు సంఘాలు చక్కగా నడిచాయి. ఆ సంఘాలలో సభ్యురాలంటే నిజంగా సభ్యురాలే.

గుట్టంతా సభ్యత్వంలోనే ఉంది. 2002 నాటి బహుళరాష్ట్ర సహకార సంఘాల చట్టం కింద ఒక్క నమోదుతో అనేక రాష్ట్రాలలో శాఖలు తెరవవచ్చు. ఢిల్లీలోని కేంద్ర రిజిస్ట్రారు అన్నిటికీ ఒక్కడే. సర్వసభ్య సమావేశానికి బదులు ప్రతినిధుల సభ జరిపినా చట్టం ఒప్పుకుంటుంది. ఇక మిగిలినది ఏజెంటు పని. వాడు డిపాజిట్టు రాయించేటప్పుడే నామమాత్రపు రుసుముతో సభ్యత్వ కాగితంమీద కూడా సంతకం పెట్టిస్తాడు. మా బంధువొకావిడ మిషను కుట్టి దాచిన డబ్బును ఇటువంటి సంఘమొకదానిలో వేసింది. శాఖ మూతబడ్డాక పాసుపుస్తకం నా చేతిలో పెడితే, సభ్యత్వ సంఖ్య చూపించాను. “నేను సభ్యురాలినా? ఎప్పుడయ్యాను? మనవాళ్ల కుర్రాడు చెప్పాడని కట్టానంతే” అన్నది. ఆవిడ నమ్మిన పరపతి సంఘానిది కాదు, ఆ కుర్రాడిది.

1999లో రాజస్థాన్‌లోని సిరోహిలో మొదలైన ఆదర్శ్ క్రెడిట్ కోఆపరేటివ్ సొసైటీకి లక్షలాది సభ్యులుండేవారు. 2018లో దాని లిక్విడేషనుకు ఉత్తర్వులు వచ్చాయి. డిపాజిట్ల సొమ్మును వ్యవస్థాపకుల సొంత కంపెనీలకు అప్పులుగా మళ్లించారన్నది దర్యాప్తు సంస్థల అభియోగం. ఇరుగుపొరుగు పొలాల సరిహద్దులో రామయ్య పట్టుకోగలిగిన దొంగతనం, లక్షలమంది మధ్య ఎవరికీ కనబడదు.

సహారా కథ మరింత ఆసక్తికరం. దాని కంపెనీలు రెండు సుమారు మూడు కోట్లమందినుండి డబ్బు తీసుకొని, వీరందరూ మాతో సంబంధమున్నవారే, ఇది ప్రజలకిచ్చిన ఆహ్వానం కాదని వాదించాయి. 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఈ వాదాన్ని త్రోసిపుచ్చి, 24,000 కోట్లకు పైగా సొమ్మును 15 శాతం వడ్డీతో తిరిగి ఇమ్మన్నది. యాభైమంది లేదా అంతకు మించితే అది ప్రజలే అని అప్పటి కంపెనీల చట్టంలో గీత ఉండేది. సహకార చట్టంలో అటువంటి గీత లేదు. అదే సహారా పేరుతో నాలుగు సహకార సంఘాలూ డిపాజిట్లు సేకరించాయి. వాటిలో ఒకటైన స్టార్స్ మల్టీపర్పస్ సొసైటీ హైదరాబాదుది. కోట్లమంది ‘సభ్యులు’. 2023 మార్చిలో సుప్రీంకోర్టు అనుమతించిన 5,000 కోట్లనుండి ఈ నాలుగు సంఘాల డిపాజిట్టుదారులకు చెల్లించడానికి అదే యేడు జూలైలో ప్రభుత్వం ఒక పోర్టల్ తెరిచింది. తొలివిడతలో ఒక్కొక్కరికి గరిష్ఠంగా 10,000 రూపాయలు. దరఖాస్తులో అడిగే వివరాలలో సభ్యత్వ సంఖ్య ఒకటి.

2019లో నియంత్రణలేని డిపాజిట్ల నిషేధ చట్టం వచ్చింది. బహుళరాష్ట్ర సంఘం ఎవరినుండి డిపాజిట్టు తీసుకొంటే చట్టసమ్మతమో చెబుతూ, సభ్యులన్న మాటకు ముందు ‘ఓటు హక్కు గల’ అన్న విశేషణం చేర్చారు. నామమాత్రపు సభ్యులనుండి తీసుకోవడం బ్యాంకింగు వ్యాపారం చేయడమేనని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. 1904లో ఆ విశేషణం ఎవరికీ అవసరమనిపించలేదు.