ఆస్టరిస్క్ టెలిఫోన్ వ్యవస్థ: టెక్స్ట్ ఫైళ్ళు, గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్‌లు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కార్యాలయాల అంతర్గత టెలిఫోన్ మార్పిడి కేంద్రాన్ని సాధారణ కంప్యూటర్ మీద నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్. 1999లో మొదలైన ఈ వ్యవస్థను తొలినాళ్ళలో టెక్స్ట్ ఫైళ్ళు చేత్తో రాసి అమర్చేవారు. 2004 నుండి వెబ్ తెరల ద్వారా అమర్చే ఇంటర్‌ఫేస్‌లు వ్యాప్తిలోకి వచ్చాయి. ఈ రెండు పద్ధతుల తారతమ్యాన్ని సాధారణంగా నైపుణ్యానికీ సౌలభ్యానికీ మధ్య పోటీగా వివరిస్తారు. వ్యవస్థకు ప్రమాణపాఠం ఏది, దానిని రాసే అధికారం ఎవరిది అన్న ప్రశ్నే ఈ చర్చకు కేంద్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు సంఖ్యావాచకాల ఉచ్చారణను ఇందుకు ఒక నిదర్శనంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆస్టరిస్క్, ఫ్రీపీబీఎక్స్, డయల్‌ప్లాన్, ప్రమాణపాఠం, ఓపెన్ సోర్స్, తెలుగు సంఖ్యావాచకాలు.

1. ఉపోద్ఘాతం

ఒక గ్రంథానికి అనేక ప్రతులు లభించినప్పుడు వాటిలో ఏది ప్రమాణమో నిర్ణయించడం పరిష్కర్త మొదటి బాధ్యత. మూలప్రతిని సవరిస్తే ఆ సవరణ తరువాతి ప్రతులన్నింటికీ చేరుతుంది. ఎత్తిరాసిన ప్రతిలో చేసిన సవరణ ఆ ప్రతితోనే ఆగిపోతుంది. సాహిత్య విద్యార్థులకు సుపరిచితమైన ఈ సూత్రం కంప్యూటర్ వ్యవస్థల చరిత్రకూ వర్తిస్తుంది. ఒక యంత్రం ఎలా ప్రవర్తించాలో తెలిపే ఆదేశాలు కూడా పాఠాలే. వాటికీ కర్తలు, లేఖకులు, ప్రతులు, ప్రక్షిప్తాలు ఉంటాయి. ఆస్టరిస్క్ చరిత్రలో ఈ అంశం స్పష్టంగా కనిపిస్తుంది.

2. నేపథ్యం

పెద్ద కార్యాలయాల్లో గదికొక ఫోను ఉన్నా బయటి లైన్లు కొన్నే ఉంటాయి. లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, అవసరమైనప్పుడు బయటి లైన్లతో కలిపే యంత్రాన్ని పీబీఎక్స్ అంటారు. ఇరవయ్యో శతాబ్ది చివరి వరకు ఇది ఖరీదైన పెట్టె. దాని అంతర్గత రచన తయారీదారుకే తెలుసు. చిన్న మార్పుకైనా ఆ సంస్థ సాంకేతిక నిపుణుడు రావలసి వచ్చేది.

1999లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న మార్క్ స్పెన్సర్ లైనక్స్ వినియోగదారులకు సాంకేతిక సహాయం అందించే చిన్న సంస్థను ప్రారంభించాడు. తన సంస్థకు కావలసిన పీబీఎక్స్ కొనే స్తోమత లేక, ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌ను సి భాషలో తానే రాయడం మొదలుపెట్టాడు. దానికి ఆస్టరిస్క్ అని పేరు పెట్టి, జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ విడుదల చేశాడు. యూనిక్స్ పరిభాషలో నక్షత్రపు గుర్తు ఏ అక్షరానికైనా, ఏ పేరుకైనా నిలుస్తుంది. ఎలాంటి టెలిఫోన్ సాంకేతికతనైనా కలుపుకోగలదన్న సూచన ఆ పేరులో ఉంది. ఇదే కాలంలో జిమ్ డిక్సన్ జపాటా టెలిఫోనీ ప్రాజెక్టు ద్వారా టెలిఫోన్ లైన్లను కంప్యూటర్‌కు కలిపే కార్డు నమూనాను బహిరంగపరిచాడు. ఆ రెండూ కలిసినప్పుడు సాధారణ కంప్యూటర్ మార్పిడి కేంద్రంగా మారింది. స్పెన్సర్ సంస్థ తరువాత డిజియంగా పేరు మార్చుకొంది. 2004 సెప్టెంబరులో ఆస్టరిస్క్ 1.0 వెలువడింది.

3. డయల్‌ప్లాన్: చదువుకోదగిన పాఠం

ఆస్టరిస్క్ అమరికంతా ఒకే డైరెక్టరీలోని టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటుంది. ఫోన్ల వివరాలకు ఒక ఫైలు, వాయిస్‌మెయిల్‌కు ఒకటి, లైన్ల కార్డులకు మరొకటి. వీటన్నింటికీ గుండెకాయ ఎక్స్‌టెన్షన్స్.కాన్ఫ్ అనే ఫైలు. ఏ నంబరు నొక్కితే ఏం జరగాలో తెలిపే డయల్‌ప్లాన్ అందులో ఉంటుంది. దాని తొలినాటి రూపాన్ని తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది:

[కార్యాలయం]
ఎక్స్‌టెన్ => 101,1,డయల్(సిప్/101,20)
ఎక్స్‌టెన్ => 101,2,వాయిస్‌మెయిల్(101)

మొదటి పంక్తి కాంటెక్స్ట్ పేరు. కార్యాలయం అనే కాంటెక్స్ట్‌లోని వారెవరైనా 101 నొక్కితే మొదటి అడుగుగా ఆ ఫోను 20 సెకన్లు మోగుతుంది. ఎవరూ ఎత్తకపోతే రెండో అడుగుగా వాయిస్‌మెయిల్ అందుకొంటుంది. ఒక కాంటెక్స్ట్‌లోని ఫోను అందులో ఉన్న నంబర్లనూ, అది తనలో చేర్చుకొన్న ఇతర కాంటెక్స్ట్‌ల నంబర్లనూ మాత్రమే పిలవగలదు. అందువల్ల కాంటెక్స్ట్ అనేది విభజనతోపాటు హద్దు కూడా. అతిథుల గదిలోని ఫోను విదేశాలకు పిలవకూడదన్న నియమం ఈ హద్దుల ద్వారానే అమలవుతుంది.

ఈ రాతకు దాని ఇబ్బందులు దానికున్నాయి. 1, 2, 3 అని అడుగులకు చేత్తో అంకెలు వేయాలి. మధ్యలో ఒక అడుగు చేర్చితే ఆ తరువాతి అంకెలన్నీ మార్చాలి. పిలిచిన ఫోను వేరొక సంభాషణలో ఉంటే ఆదేశం ప్రస్తుత అంకెకు 101 కలిపిన అడుగుకు దూకేది. అంటే 1వ అడుగు నుండి 102కు. ఈ సంగతి తెలియనివారికి 102వ పంక్తి ఎందుకుందో అర్థమయ్యేది కాదు. 2005 నవంబరులో వచ్చిన 1.2 నాటికి 'తరువాతిది' అనే అర్థంలో ఎన్ అక్షరాన్ని రాసే వెసులుబాటు కలిగింది. 101 దూకుడు క్రమంగా తొలగింది. వాడుకలోని కష్టాలను బట్టి ఒక లిఖితభాష తనను తాను సంస్కరించుకొన్న తీరుకు ఇది ఉదాహరణ.

టెక్స్ట్ ఫైలుకున్న మరో లక్షణం వ్యాఖ్యకు చోటివ్వడం. సెమికోలన్ తరువాత రాసినదాన్ని యంత్రం పట్టించుకోదు. ఫలానా నియమాన్ని ఎందుకు పెట్టారో, ఎవరి కోరికపై మార్చారో రాసుకొనే స్థలం అదే. మూలం పక్కనే వ్యాఖ్యానం నిలిచే ఈ ఏర్పాటులో సంస్థ జ్ఞాపకం భద్రమవుతుంది. రెండు కాలాల నాటి ఫైళ్ళను పక్కపక్కన పెట్టి, ఏ పంక్తి మారిందో తెలుసుకోవడమూ సులభం.

4. తెరల రాక

ఈ రాత నేర్వడానికి సమయం పడుతుంది. చిన్న వ్యాపార సంస్థలకు, పాఠశాలలకు, స్వచ్ఛంద సంస్థలకు అంత తీరిక లేదు. సాఫ్ట్‌వేర్ ఉచితమైనా అది వారికి అందని ఫలమే. ఆ లోటును తీర్చడానికి 2004లో కోలెసెంట్ సిస్టమ్స్ ఆస్టరిస్క్ మేనేజ్‌మెంట్ పోర్టల్ అనే వెబ్ ఇంటర్‌ఫేస్‌ను విడుదల చేసింది. ఆస్టరిస్క్ అనే పేరు డిజియం వ్యాపారచిహ్నం కావడంతో 2006లో దాని పేరు ఫ్రీపీబీఎక్స్‌గా మారింది. ఆపరేటింగ్ సిస్టం మొదలు ఇంటర్‌ఫేస్ వరకు అన్నీ కలిపి ఒకే డిస్కులో అందించిన ఆస్టరిస్క్ ఎట్ హోమ్, 2006లో ట్రిక్స్‌బాక్స్‌గా మారింది. ఈక్వడార్‌కు చెందిన పాలోసాంటో సొల్యూషన్స్ ఎలాస్టిక్స్‌ను రూపొందించింది. పేరు, నంబరు, రహస్యపదం నింపి మీట నొక్కితే ఫోను పనిచేసే స్థితి ఏర్పడింది. ఓపెన్ సోర్స్ టెలిఫోన్ వ్యవస్థ నిపుణుల పరిధిని దాటి వ్యాపించడంలో ఈ తెరల పాత్ర కీలకమైనది.

5. ప్రమాణపాఠం స్థానచలనం

తెరలు వచ్చినా టెక్స్ట్ ఫైళ్ళు పోలేదు. ఆస్టరిస్క్ చదివేది వాటినే. ఫ్రీపీబీఎక్స్‌లో వినియోగదారు నింపిన వివరాలు మొదట డేటాబేస్‌లో చేరతాయి. మార్పులను అమలుచేసే మీట నొక్కినప్పుడు ఒక ప్రోగ్రాం ఆ వివరాల నుండి ఫైళ్ళను కొత్తగా రాసి, ఆస్టరిస్క్ చేత మళ్ళీ చదివిస్తుంది. దీంతో ప్రమాణస్థానం ఫైలు నుండి డేటాబేస్‌కు మారింది. ఫైలు ఎత్తిరాసిన ప్రతి అయింది. నిర్వాహకుడు ఆ ఫైలును తెరిచి ఒక పంక్తి సవరిస్తే, తరువాత ఎవరు ఆ మీట నొక్కినా సవరణ మాయమవుతుంది. అందుకే ఈ ఫైళ్ళ తలభాగంలోనే వీటిని చేత్తో మార్చవద్దన్న హెచ్చరిక ఉంటుంది. సొంత రాతల కోసం ఎక్స్‌టెన్షన్స్_కస్టమ్.కాన్ఫ్ వంటి ఫైళ్ళను వేరుగా కేటాయించారు. ప్రక్షిప్తాలకు పరిష్కర్తే ప్రత్యేక అధ్యాయం కేటాయించినట్లుంది ఈ ఏర్పాటు.

పాఠం స్వభావం కూడా మారింది. చేత్తో రాసినప్పుడు రెండు పంక్తులలో ముగిసే 101 నంబరు పిలుపు, యంత్రం రాసిన డయల్‌ప్లాన్‌లో అనేక మాక్రోల గుండా, ఒక దశలో డయల్‌పార్టీస్ అనే బాహ్య ప్రోగ్రాం గుండా కూడా సాగేది. పిలుపు మళ్ళింపు, రికార్డింగు, బృంద ఫోన్లు వంటి సౌకర్యాలన్నింటినీ ముందే ఊహించి రాసిన పాఠం అది. యంత్రం కోసం యంత్రం రాసినది కాబట్టి మనిషి చదవడానికి అనువుగా ఉండదు. లోపం ఎక్కడుందో తెలియాలంటే మాత్రం మనిషే దాన్ని చదవాలి.

ఇందుకు భిన్నమైన మార్గాన్ని డిజియం ప్రయత్నించింది. ఆస్టరిస్క్ జీయూఐ అనే దాని ఇంటర్‌ఫేస్ మధ్యలో డేటాబేస్ లేకుండా నేరుగా టెక్స్ట్ ఫైళ్ళనే చదివి, వాటిలోనే రాసేది. సూత్రరీత్యా ఇందులో ప్రమాణపాఠం ఒక్కటే. చేత్తో రాసినా, తెరపై నింపినా అదే ఫైలు. అయితే మనిషి స్వేచ్ఛగా రాసిన డయల్‌ప్లాన్‌ను తెరలోని గడులకు సరిపోయేలా అర్థం చేసుకోవడం ప్రోగ్రాంకు దుస్సాధ్యం. డిజియం తన ఆస్టరిస్క్‌నౌ పంపిణీలో చివరికి ఫ్రీపీబీఎక్స్‌నే స్వీకరించింది. స్వేచ్ఛారచననూ గడుల పట్టికనూ ఒకే పాఠంలో ఇముడ్చడం ఎంత కష్టమో ఈ పరిణామం తెలుపుతుంది.

డేటాబేస్ ప్రమాణం కావడంలో లాభమూ ఉంది. 2013 డిసెంబరులో ఆస్టరిస్క్ 12తో పాటు పీజేసిప్ అనే కొత్త ఛానల్ డ్రైవర్ వచ్చింది. పాత పద్ధతిలో ఒకే ఖండికలో ఇమిడే ఫోను వివరాలు ఇందులో ఎండ్‌పాయింట్, ఆథ్, ఏఓఆర్ అనే మూడు ఖండికలుగా విడిపోయాయి. 2023 అక్టోబరులో వచ్చిన 21లో పాత డ్రైవర్‌ను పూర్తిగా తొలగించారు. చేత్తో రాసినవారు ఫైళ్ళను తిరగరాయవలసి వచ్చింది. మార్పిడికి ఒక స్క్రిప్టు లభించినా దాని ఫలితాన్ని సరిచూసుకోవడం తప్పలేదు. ఫ్రీపీబీఎక్స్ వినియోగదారులకు తెరపై డ్రైవర్ మార్చే మీట ఉంది. విషయాన్ని పాఠం నుండి వేరుచేసి దాచడం వల్ల, అదే విషయాన్ని కొత్త లిపిలో రాయించడం సాధ్యమైంది.

అయితే ఆ విషయం ఎవరి అధీనంలో ఉందన్నది మరో ప్రశ్న. 2016లో ఎలాస్టిక్స్ పేరు త్రీసీఎక్స్ చేతికి వెళ్ళి, కొత్త వెలువరింపు ఆస్టరిస్క్‌ను విడిచి యాజమాన్య సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడింది. పాత ఎలాస్టిక్స్ నుండి ఇసాబెల్ అనే శాఖను కొందరు కొనసాగించారు. అంతకుముందు 2012లో ట్రిక్స్‌బాక్స్ ఉచిత రూపం నిలిచిపోయింది. ఈ మార్పులలో ఆస్టరిస్క్‌కు ఏ హానీ జరగలేదు. తెరల మీదుగా మాత్రమే దాన్ని ఎరిగినవారికి ఆ తెరలే దూరమయ్యాయి.

6. భద్రత

టెలిఫోన్ వ్యవస్థలో లోపం నేరుగా ధననష్టానికి దారితీస్తుంది. దొంగచాటుగా ప్రవేశించినవారు ఖరీదైన విదేశీ నంబర్లకు పిలిస్తే బిల్లు సంస్థ చెల్లించాలి. టెక్స్ట్ పద్ధతిలో ప్రమాదం రచనాలోపం నుండి వస్తుంది. బయటి లైన్లను అపరిచితుల పిలుపులు చేరే కాంటెక్స్ట్‌లో చేర్చితే ఆ హద్దు చెరిగిపోయినట్లే. నొక్కిన అక్షరాలను వడపోయకుండా డయల్ ఆదేశంలో చేర్చితే, పిలిచినవారి అక్షరాలే ఆదేశంలో భాగమయ్యే ప్రమాదం ఉందని 2010లో ఆస్టరిస్క్ బృందం అధికారికంగా హెచ్చరించింది. గ్రాఫికల్ పద్ధతిలో ఇటువంటి తప్పులు చాలావరకు ముందే నివారితమవుతాయి. కానీ ఆ ఇంటర్‌ఫేస్ స్వయంగా ఒక వెబ్ అప్లికేషన్ కావడంతో దాడికి అదనపు ద్వారం ఏర్పడుతుంది. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లో బయటపడిన తీవ్ర లోపం, నిర్వాహక పుటలను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన వ్యవస్థలపై దాడులకు కారణమైంది. టెక్స్ట్‌లో తప్పు ఒక్క సంస్థకే పరిమితం; ఇంటర్‌ఫేస్‌లో తప్పు దాన్ని వాడే అందరికీ ఉమ్మడి.

7. తెలుగు సంఖ్య: తెర ఊహించని వ్యాకరణం

తెర మీది గడులు రూపకర్త ఊహించిన అవసరాలకే చోటిస్తాయి. ఊహించని అవసరం ఎదురైనప్పుడు ఏం జరుగుతుందో భాష విషయంలో చూడవచ్చు. ఖాతా నిల్వనో, బకాయినో ఫోనులో వినిపించాలంటే వ్యవస్థ ముందే రికార్డు చేసిన పదాలను వరుసగా పేర్చి సంఖ్యను పలకాలి. ఇంగ్లీషులో 200కైనా 210కైనా వందను తెలిపే పదం మారదు. తెలుగులో 200 'రెండు వందలు', 210 'రెండు వందల పది'. 100 'వంద', 116 'నూట పదహారు'. 2,000 'రెండు వేలు', 2,016 'రెండు వేల పదహారు'. వెనుక మరో సంఖ్య వస్తే ముందున్న పదం ఔపవిభక్తిక రూపం దాలుస్తుంది. పైగా లక్ష, కోటి అనే స్థానాలు మిలియన్ లెక్కలో ఇమడవు. ఇంగ్లీషు రికార్డుల స్థానంలో తెలుగు రికార్డులను పెట్టినంత మాత్రాన 'రెండు వందలు పది' అనే అపశబ్దమే వినిపిస్తుంది.

ఆస్టరిస్క్‌లో సే.కాన్ఫ్ అనే టెక్స్ట్ ఫైలు ఉంది. సంఖ్యలు, తేదీలు ఒక్కో భాషలో ఎలా పలకాలో అందులో నియమాలుగా రాయవచ్చు. ఇటాలియన్ వంటి భాషలకు ఉదాహరణలు అందులోనే ఉన్నాయి. 200 నుండి 999 వరకు రెండు సున్నాలతో ముగిసే సంఖ్యకు ఒక నియమం, ఆ పరిధిలోని తక్కిన సంఖ్యలకు మరొక నియమం రాసి, 'వందలు', 'వందల' అనే రెండు రికార్డులను వేర్వేరుగా పిలిస్తే సమస్య తీరుతుంది. ఇది వ్యాకరణ సూత్రాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలో రాయడమే. ఫ్రీపీబీఎక్స్‌లో కొత్త భాష రికార్డులను ఎక్కించడానికి పుట ఉంది. సంఖ్యావ్యాకరణాన్ని రాసే గడి లేదు. అటువంటి అవసరం ఉన్న భాష తెర వెనుకనున్న ఫైలును చేరవలసిందే. తెలుగు పదాలు తెరమీదుగా ప్రవేశించగలవు గాని, తెలుగు వ్యాకరణం ప్రవేశించాలంటే టెక్స్ట్ ఫైలే ద్వారం.

8. ముగింపు

ఆస్టరిస్క్ చరిత్రలో గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ టెక్స్ట్ ఫైలును తొలగించలేదు. దానిపై మరో పొరగా నిలిచింది. ఈ పొర వల్ల వినియోగదారుల సంఖ్య విస్తరించింది, సామాన్యమైన తప్పులు తగ్గాయి, సాంకేతిక మార్పులను దాటడం సులువైంది. అదే సమయంలో ప్రమాణపాఠం మనిషి చదవగల ఫైలు నుండి డేటాబేస్‌కు తరలింది. నిర్వాహకుడు గ్రంథకర్త స్థానం నుండి గడులు నింపే స్థానానికి మారాడు. ఏ పద్ధతి మేలన్నది సంస్థ అవసరాలను బట్టి తేలుతుంది. ఏ పద్ధతిని అనుసరించినా, తమ వ్యవస్థలో ప్రమాణపాఠం ఏదో నిర్వాహకులు ఎరిగి ఉండాలి. రూపకర్తల ఊహలో లేని భాషలకు ఈ ఎరుక మరింత అవసరం. సంఖ్యావాచకాల సంధి, విభక్తి నియమాలను యంత్రానికి అందేలా సూత్రీకరించడంలో తెలుగు భాషాశాస్త్ర పరిశోధకులు చేయవలసిన పని ఉంది. ఆ సూత్రాలను రాసుకొనే ఫైలు ఇప్పటికే తెరిచి ఉంది.