అనంతగిరి దారులు: పరిగి - వికారాబాద్ ప్రాంతంలో ఒకరోజు విహారయాత్రల చరిత్ర

సెలవుదినం వస్తే హైదరాబాదు నుండి అనంతగిరి కొండలకు, కోట్‌పల్లి జలాశయానికి, పరిగి సమీపంలోని లఖ్నాపూర్ ప్రాజెక్టుకు వచ్చేవారి సంఖ్య ఇటీవలి కాలంలో బాగా పెరిగింది. దీనిని రిసార్టులతో, సామాజిక మాధ్యమాలతో పుట్టిన కొత్త అలవాటుగా భావించడం పరిపాటి. అయితే ఉదయం బయలుదేరి పొద్దుగూకేలోగా ఇల్లు చేరే ప్రయాణం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. కాలక్రమంలో మారినది ప్రధానంగా కొండమీది నీటితో యాత్రికునికి గల సంబంధం. ఆ మార్పును పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

అనంతగిరిపై వెలసిన అనంత పద్మనాభస్వామి క్షేత్రానికి సంబంధించిన స్థలపురాణమంతా నీటి చుట్టూ అల్లుకున్నదే. మార్కండేయ మహర్షి ఇక్కడి గుహ మార్గాన కాశీకి వెళ్ళి గంగాస్నానం చేసి వచ్చేవాడని, ఆయన శ్రమను తప్పించడానికి స్వామి గంగనే ఇక్కడికి రప్పించాడని ఒక కథ. కాలయవనుని భస్మం చేసిన ముచికుందుడు శ్రీకృష్ణుని పాదాలు కడిగిన నీరే ముచికుందా నది అయిందని, ఆ పేరే వాడుకలో మూసీగా మారిందని మరొక కథ. పేరుకు సంబంధించిన ఈ వ్యుత్పత్తిని భాషాశాస్త్రం అంగీకరిస్తుందా అన్నది వేరే చర్చ. ఒక నది పుట్టుకను జనం ఇంత శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. కార్తీక జాతరకు వచ్చినవారు పుష్కరిణిలో స్నానం చేసి, దర్శనం ముగించుకొని, చెట్లకింద వంటచేసుకొని తిని వెళ్ళేవారు. ఉసిరిచెట్టు నీడలో చేసే కార్తీక వనభోజనం కూడా ఇటువంటిదే. పిక్నిక్ అనే మాట తెలియని రోజుల్లోనే ఆ పని ఇక్కడ జరిగిందన్నమాట. కాకపోతే దానికి ఒక తిథి, ఒక నియమం ఉండేవి.

వాడి - సికింద్రాబాదు రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. తాండూరు, వికారాబాద్ ఆ మార్గంలోని స్టేషన్లే. పైగా వంశీయుడు, హైదరాబాదు ప్రధానమంత్రిగా పనిచేసిన వికార్ ఉల్ ఉమ్రా పేరుమీదనే వికారాబాద్‌కు ఆ పేరు వచ్చింది. రైలు రాకతో నగరానికి ఈ కొండలు దగ్గరయ్యాయి. నిజాం కాలంలోనే అనంతగిరిపై క్షయరోగుల కోసం శానిటోరియం వెలసింది. క్షయకు మందులు అందుబాటులోకి రాకముందు విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, అడవిగాలి ఇవే చికిత్స. నగర జీవితం పోగొట్టిన ఆరోగ్యాన్ని కొండగాలి తిరిగి ఇస్తుందనే నమ్మకం వైద్యం నుండి సామాన్యుల వాడుకలోకి ప్రవేశించింది. నేటి రిసార్టుల ప్రకటనలలో వినిపించే ‘స్వచ్ఛమైన గాలి’ అన్న మాటకు ఇదే మూలమనడం సాహసం కావచ్చు గాని, రెండింటి వెనుక ఉన్న ఊహ ఒకటే.

ఈ కొండల్లో పుట్టిన మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి, తాగునీటికి కట్టిన ఉస్మాన్‌సాగర్ ‘గండిపేట’గా నగరవాసుల విహారస్థలమూ అయింది. కోట్‌పల్లి, లఖ్నాపూర్ జలాశయాల కథ కూడా ఇటువంటిదే. పొలాలకు నీరివ్వడానికి కట్టినవే ఇవి కూడా. కోట్‌పల్లిలో నేడు కాయకింగ్ పడవలు తిరుగుతున్నాయి. జాతరకు వచ్చినవానికి నీరు స్నానానికి, వంటకు, తీర్థానికి. నేటి సందర్శకునికి అది ప్రధానంగా ఒక దృశ్యం. ఆయకట్టు రైతుకు మాత్రం అది పంట.

పరిగి, వికారాబాద్‌లకు వచ్చే దారి కూడా ఈ చరిత్రలో భాగమే. బీజాపూర్ రహదారిపై అప్పా జంక్షన్ నుండి మన్నెగూడ వరకు దాదాపు 46 కిలోమీటర్ల మేర ఇరువైపులా మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణ ప్రతిపాదన వచ్చినప్పుడు దాదాపు 900 చెట్ల కోసం పర్యావరణవాదులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. వెడల్పయిన రోడ్డు వల్ల సందర్శకుడు త్వరగా చేరతాడు, నిజమే. కాని ఆ మర్రినీడలో సాగే ప్రయాణం కూడా విహారంలో భాగమేనన్న విషయం ప్రణాళికలలో అరుదుగా కనిపిస్తుంది.

పరిగి నియోజకవర్గంలోని పూడూరు మండలానికి చెందిన దామగుండం అడవి విషయంలో ఈ సంఘర్షణ మరింత స్పష్టమవుతుంది. జలాంతర్గాములతో సంభాషణకు ఉపయోగపడే అతి తక్కువ పౌనఃపున్య కేంద్రానికి, భారత నౌకాదళం కోసం, అక్కడ 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తమిళనాడులోని తిరునెల్వేలి కేంద్రం తరువాత దేశంలో ఇది రెండవది. దీనికి కేటాయించిన అటవీభూమి దాదాపు 2,900 ఎకరాలు. దేశరక్షణ అవసరాన్ని కాదనలేం. అయినా అడవి తరిగితే మూసీ పుట్టిన చోటే దెబ్బతింటుందని ఉద్యమకారులు వాదించారు. ఈ చర్చలో స్థానికులు ముందుకు తెచ్చిన మరొక అంశం అడవి లోపలి రామలింగేశ్వరాలయం. పశువులు మేపుకొనేవారికి, వనమూలికలు సేకరించేవారికి, పండుగనాడు నడిచి వచ్చే భక్తులకు ఆ అడవి దారి నిత్య వ్యవహారం. ఆలయానికి వెళ్ళే దారి తెరిచే ఉంటుందని ప్రభుత్వపక్షం హామీ ఇచ్చింది. ఆలయం వరకు నడిచే హక్కు మిగిలినా, దారి పొడవునా ఉన్న చెట్లకింద ఆగి, పొయ్యి పెట్టుకొని, వండుకు తిని, సాయంత్రానికి ఊరు చేరే హక్కు ఆ హామీలో చేరుతుందా అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం రావలసే ఉంది.