మెట్టసీమలో మూత్రపిండరోగి పథ్యము

పలకలకు పేరొందిన మార్కాపురము, నల్లమల నానుకొనియున్న గిద్దలూరు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనివి. వాటికి తూర్పుననున్న కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇవి ఒకచోట చేరినవి. ఈ మెట్టసీమలో వానలు తక్కువ. బావులు, గొట్టపుబావులే చాల గ్రామములకు ఆధారము. రాళ్ళనుండి కరగిన ఫ్లోరైడు ఆ నీటిలో పలుచోట్ల హెచ్చు. మన దేశమున మనుష్యులలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలుత వర్ణించిన షార్ట్, ఆయన సహచరుల వ్యాసము (1937) నెల్లూరు జిల్లా గ్రామములను గూర్చినదే.

దేహములో చేరిన ఫ్లోరైడును వెలుపలికి పంపునవి ముఖ్యముగా మూత్రపిండములు. అవి చెడినచో అది ఎముకలలో మరింత నిలువయగును. మూత్రపిండరోగికి చెప్పు పథ్యమును ఈ సీమలో వేరుగా ఆలోచింపవలసిన కారణ మిదియే.

ఆ పథ్యము పుట్టినది దూరదేశములలో. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున వాల్టర్ కెంప్నర్ 1939లో రోగులకు వరియన్నము, పండ్లు, పంచదార ఇచ్చి చూచెను. ఉప్పు దాదాపు లేదు. మాంసకృత్తులు దినమునకు సుమారు 20 గ్రాములు. అంత చప్పిడికూడు నెలల తరబడి తినుట శిక్షయే! అయినను పలువురికి రక్తపుపోటు తగ్గెను. 1963-64లో ఇటలీలో జోర్డానో, జొవన్నెట్టి, మజ్జోరే మాంసకృత్తులను మిక్కిలి తగ్గించి, ఇచ్చు కొద్దిపాటిని గ్రుడ్డువంటి శ్రేష్ఠమైన ఆహారమునుండి ఇచ్చిరి. రక్తములో యూరియా దిగెను. వికారము, వాంతులు తగ్గెను.

ఇంతలో 1960లో సియాటిల్ నగరమున స్క్రిబ్నర్ డయాలసిస్‌ను పలుమార్లు చేయు మార్గము చూపెను. దానితో పథ్యము తలక్రిందులయ్యెను. డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత పోవును గనుక అట్టివారికి కిలో బరువునకు దినమునకు 1.0 నుండి 1.2 గ్రాముల వరకు కావలెను. పాత పథ్యమునే పట్టుకొని గ్రుడ్డు, పప్పు పూర్తిగా మానినవాడు కృశించును.

రక్తములో పొటాషియము హెచ్చిన రోగిని, కూరముక్కలను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోయుమందురు. ఇటలీలో ఈ మాట చాలును, కనిగిరిలో చాలదు. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది చిక్కబడును, ముక్కలకును పట్టును. మన ప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీటిలో 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు సహింతురు. డబ్బానీరు కొని త్రాగుటకే ఉంచి, వంటకు గొట్టపుబావి నీరు పోసినచో సగము పథ్యము వ్యర్థము. వార్చిన అన్నమునుండి కొంత నీరైనను గంజిగా పోవును. సంగటిలో ఎసరంతయు ముద్దలోనే నిలుచును.