వేడి బండి, తడిగుడ్డ

1920లో కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు పొల్లాచ్చి–పళని దారిన ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. ఈ సీమలో మన తెలుగువాళ్ళ మోటారు కథ అక్కణ్ణించే ఎత్తుకోవచ్చు. కార్బురేటర్ బండ్లు ఉన్నన్నాళ్ళూ, మంసాపురం ఎండలో అయినా ఎక్కడైనా, డ్రైవర్లకి ఒకటే తంటా: పొద్దున ఒక్క తిప్పుకి అందుకున్న బండి, టీ తాగొచ్చేలోగా మొండికేస్తుంది.

నడిచేటప్పటికన్నా ఆపాకే సెగ ఎక్కువ. ఫ్యాను ఆగుతుంది, నీళ్ళు తిరగవు, ఇంజిన్ వేడంతా కార్బురేటర్‌కి ఎక్కుతుంది. ఎం.జి.బి. స్పోర్ట్స్ కారులో మరీ కష్టం. కార్బురేటర్లూ పొగగొట్టాలూ ఇంజిన్‌కి ఒకే పక్క. మధ్యన రేకు అడ్డం పెట్టింది అందుకే.

అయితే జబ్బులు రెండు. గొట్టంలో పెట్రోలు ఆవిరైతే ఇంజిన్‌కి అందదు; అప్పుడు పంపు మీద తడిగుడ్డ వెయ్యాలి. కార్బురేటర్ గిన్నెలో మరిగి లోపలికి పొంగితే మటుకు పెట్రోలు ఎక్కువైనట్టు. చోక్ ముట్టకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యాలి. అంబాసిడర్ డ్రైవర్లు చాలామంది రెండిటికీ తడిగుడ్డే వేసేవారు. సగంసార్లు బండి కదిలింది గుడ్డవల్ల కాదు, ఆ కాసేపు ఆగినందువల్లేనని నా అనుమానం!

ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో పంపుతుంది గనక ఇప్పటి పిల్లలకి ఈ గోల తెలీదు. తాతగారి కారు షెడ్డులో ఉన్నవాళ్ళు మాత్రం బానెట్ ఎత్తి ముందు వాసన చూడండి. పెట్రోలు గుప్పుమంటే గుడ్డ జోలికి పోవద్దు.