ఎండయు దండెమును

ఈ వ్యాసము పేరు చూచి చదువరులు నవ్వవచ్చును. రాజుల చరిత్రము, కోటల చరిత్రము వ్రాయవలసిన తావున దండెమును గూర్చి వ్రాయనేల యని యడుగవచ్చును. వారికి మా సమాధానమిది. తడిసిన బట్టను ఆరవేసికొనుటకు మూడు వస్తువులు కావలెను. ఎండ కావలెను, త్రాడు కట్టుకొనుటకు కొంత నేల కావలెను, బట్ట యారువరకు కనిపెట్టుకొని యుండుటకు ప్రొద్దు కావలెను. ఎండ దేవుడిచ్చినది. తక్కిన రెండును మనుష్యులు పంచుకొన్నవి. ఆ పంపకము ఏ యూర నెట్లు జరిగెనో తెలిసికొన్నచో ఆ యూరి చరిత్రము సగము తెలిసినట్లే. దక్షిణ తెలంగాణమునందలి నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో ఆ పంపకమెట్లు జరిగినదో, దాని నెదిరించినవారెవరో, నేడది యే రూపమున మిగిలియున్నదో ఇచట కొంత చెప్పదలచితిమి.

ఈ రెండు జిల్లాలును మెట్టసీమలు. ఏటికి కురియు వాన సాధారణముగా ఆరేడు వందల మిల్లీమీటర్లు. కృష్ణానది దక్షిణపు సరిహద్దున పారుచున్నను, పూర్వకాలమున ఆ నీరు ఈ పొలములకు ఎక్కలేదు. కావున చెరువే యూరికి ప్రాణము. నల్లగొండ చెంతనున్న పానగల్లు ఉదయసముద్రము కందూరి చోడుల నాటిది. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి, కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్ల కాలమున చెరువులతో, గుడులతో వర్ధిల్లినది. చెరువులు త్రవ్వించిన ప్రభువుల పేర్లు ఱాతిపై నిలిచినవి. ఆ చెరువుల రేవులలో బండలు పరచుకొని తరతరములుగ ఊరి మురికి వదల్చిన చాకలి పేరు మాత్రము ఆ ఱాళ్లపై మాకు కనబడలేదు.

చాకలి పని యనగా బండపై బట్ట బాదుటయే యని పట్టణవాసులు తలంతురు. అది ఆ పనిలో నొక భాగము మాత్రమే. సబ్బు పల్లెలకు రాకపూర్వము చాకలి చౌడు మట్టిని తవ్వి తెచ్చి నీట కలిపి, ఆ నీట బట్టలు ముంచి, బానలపై పేర్చి, క్రింద మంట పెట్టి ఆవిరిపై ఉడికించుచుండెను. దీనినే ఉబ్బ వేయుట యందురు. చౌడులోని క్షారమును ఆవిరి వేడిమియు కలిసి జిడ్డును విడదీయును. పిమ్మట మూటలను రేవునకు మోసి, ఉదికి, జాడించి, పిండి, ప్రొద్దెక్కునప్పటికి ఆరవేయవలెను. నీడన ఆరిన బట్ట ముక్క వాసన కొట్టును. ఎండన ఆరిన బట్ట తెల్లబడును. ఎండకు క్రిములు నశించునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఆ శాస్త్రము పేరు వినకయే చాకలి దానిని నిత్యము ఆచరించుచుండెను.

ఊరి బట్టలన్నియు ఒక్క ప్రొద్దున ఆరవలెనన్న చాల నేల కావలెను. చెరువుకట్ట వాలు, కట్టక్రింది గడ్డినేల, నీరు తగ్గిన శిఖము, ఈ సీమలో ఎల్లెడల గానవచ్చు గుట్టల నల్లని బండలు, ఇవి వాని యారుగడలు. గుంజలు పాతి, రెండు పేటలు మెలివేసిన త్రాడు కట్టి, ఆ మెలికల సందున బట్టకొస దూర్చినచో గాలికి ఎగిరిపోదు. పనిముట్టు ఇంత సులభమైనది. కాని గుంజ పాతిన నేల యెవరిది? శిఖము సర్కారుది; పొలము పట్టాదారుది; బంజరుపై అధికారము చెలాయించువాడు దొర. చాకలికి అక్కడ నుండినది అనుమతియే కాని హక్కు కాదు. ఈ రెంటికిని గల భేదము చిన్నది కాదు. హక్కు గలవాడు తన పని చూచుకొని పోవును. అనుమతి పొందినవాడు ప్రతిదినము ఇచ్చినవాని ముఖము చూచి బ్రతుకవలెను.

ఇంటిలోని దండెమునకు సైతము కులము కలదు. ఆచారవంతుల యిండ్లలో మడిబట్టల దండెము పైకప్పున కెత్తుగ నుండును. బట్టను కఱ్ఱతో పైకెత్తి వేయుదురు, కఱ్ఱతోనే దింపుదురు. పరుల చేయి తగిలినచో మడి చెడునని భయము. ఆ బట్టను మలినము వదల్చి తెల్లగ చేసియిచ్చిన చాకలి చేయి తగిలినను మడి చెడుననుట ఎంత వింత! మఱియొక ప్రక్క, పెక్కు గ్రామములలో చాకలివారు మాల మాదిగల బట్టలు ఉదుకరాదని కట్టుబాటు. అందుచే తన కంటె పైవారిచే అవమానము పొందువాడే తన కంటె క్రిందివారని యెంచబడినవారి కదే అవమానమును అందించుచుండెను. ఇక ఆడువారి ముట్టుబట్టల మాట యేమనవలెను? వానిని ఉదికి, పరుల కంటబడకుండ గడ్డివాము చాటునను, చీకటి మూలలను, మఱియొక బట్ట క్రిందను ఆరవేయుట నేటికిని కొన్నియిండ్ల మానలేదు. తడియారని బట్ట వలన రోగము కలుగునని తెలిసియు సిగ్గు పేర వారికి ఎండను నిషేధించుచున్నాము. గాలికిని వెలుతురునకును నోచుకొనని బట్ట కలిగిన యింటిలో, గాలికిని వెలుతురునకును నోచుకొనని మనుష్యులు నుందురు.

నేల సంగతి యిట్లుండగా, ప్రొద్దు సంగతి యింతకంటె కష్టమైనది. నిజాము రాజ్యమున వెట్టిచాకిరి యను పీడ యుండెను. చాకలి దొరల యిండ్ల బట్టలను, గ్రామమునకు వచ్చు తహశీల్దారు, గిర్దావరు, అమీను మొదలగువారి బట్టలను కూలి లేక ఉదుకవలెను. అంతటితో తీరలేదు. వారి యిండ్ల అంట్లు తోమవలెను, కారము దంచవలెను, కబురు మోయవలెను, రాత్రివేళ దివిటీ పట్టవలెను. రైతు లిచ్చు మేర గింజలును, సాయంకాలము ఇంటింట పోయు ముద్దయు వాని జీవనము. ఆ మేరకు తగిన పని చేయుటకు వానికి పగలు కావలెను. ఆ పగటినే వెట్టి హరించుచుండెను. పిండిన బట్టలు రేవున నుండగనే పిలుపు వచ్చినచో, వానిని తడిగ మూటగట్టి పోవలసినదే. రైతుల బట్టలు చెడిన ఆ నింద మరల చాకలిపైననే పడును. కావున వెట్టి యనగా కేవలము కూలి యెగవేయుట కాదు. ఒకని ఎండను మఱియొకడు దొంగిలించుట యని మా అభిప్రాయము.

ఈ దుష్టాచారమునకు విరుద్ధముగ మొదట కలము పట్టినవారు చదువుకొన్నవారు. 1921లో హైదరాబాదున ఆంధ్ర జనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావుగారు వెట్టి విషయమై ప్రచారము సాగించిరి. మహబూబునగరు జిల్లావారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1930లో జోగిపేట ప్రథమాంధ్ర మహాసభ కధ్యక్షులైరి. రెండవ సభ 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను జరిగెను. 1936లో మహబూబునగరు జిల్లా షాద్‌నగరు సభకు కొండా వెంకట రంగారెడ్డిగారు అధ్యక్షులు. ఈ సభలు వెట్టిని ఖండించుచు వచ్చినవి. 1944లో భువనగిరి సభ రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన పిమ్మట, సంఘము పల్లెల గుడిసెలలోనికి పోయెను. తీర్మానముల వలన కానిది అక్కడ కఱ్ఱ పట్టిన చేతుల వలన నయ్యెను.

ఆ చేతులలో ఒకటి చాకలి స్త్రీది. చిట్యాల ఐలమ్మ ఆనాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తి నివాసిని. ఆమె భూమిని కౌలుకు పట్టి సాగుచేయ మొదలిడెను. ఊరివారి బట్టలు పరుల నేలపై ఆరవేయవలసిన కులమున పుట్టినది తన నాగలి క్రింద నేల గలదగుట విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డికి సహింపరానిదయ్యెను. ఆమె సంఘమున చేరుట మఱింత సహింపరానిదయ్యెను. కేసులు బనాయించిరి, అవి నిలువలేదు. పంట చేతికి వచ్చినవేళ కోసికొనిపోవుటకు దేశముఖు తన మనుషులను పంపెను. సంఘమువారు కఱ్ఱలు చేబూని అడ్డుపడిరి. వచ్చినవారు పలాయితులైరి. పంట ఐలమ్మ యింటికి చేరెను. పిదప ఆమె యిల్లు కాల్చబడెను, కుటుంబము బాధల పాలయ్యెను. అయినను ఆమె ఆ నేల విడువలేదు. 1946 జూలై 4వ తేదిన కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తుపాకికి బలియగుటతో పోరాటము సాయుధమయ్యెను. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వ తేది వరకు జీవించెను. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. శాసనపు ఱాళ్లపై కానరాని పేరు విద్యాలయ ద్వారముపై కెక్కుటకు ఇన్ని శతాబ్దములు పట్టెను.

1949లో జాగీరులు రద్దయ్యెను. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976 చట్టము వెట్టికట్టుబానిసత్వమును రద్దుచేసెను. చాకలి ప్రొద్దు చాకలికి దక్కెను. మరి నేల? చెరువు శిఖములలో ఇండ్లు లేచుచున్నవి. పట్టణములు పెరిగినకొలది చెరువులు మురుగుగుంటలగుచున్నవి. రేవుతోపాటు ఆరవేయు గట్టును పోవుచున్నది. 2021 ఏప్రిల్ నుండి తెలంగాణ ప్రభుత్వము రజకుల లాండ్రీలకును ధోబీఘాటులకును నెలకు 250 యూనిట్ల వరకు విద్యుత్తును ఉచితముగ నిచ్చుటకు పూనుకొన్నది. ఇది మెచ్చదగినదే. కాని విద్యుత్తు బట్ట నుదుకును, ఇస్త్రీ చేయును. గుంజలు పాతుకొను నేలను మాత్రము ఈయజాలదు.

ఇక పల్లె విడిచి హైదరాబాదు చేరిన మన జిల్లాలవారి కథ వినుడు. అపార్టుమెంటు సంఘములు కొన్ని బాల్కనీలలో బట్టలారవేయరాదని నియమము చేయుచున్నవి. భవనపు అందము చెడునట! పై యంతస్తు బట్టల నీరు క్రింది యంతస్తుపై పడునను ఆక్షేపణ న్యాయమైనదే. దానికి తగిన చోటు చూపవలెను కాని, ఎండను వెలివేయరాదు. మన పిల్లలు పెక్కుమంది స్థిరపడిన అమెరికాలో సైతము ఇట్టి నివాససంఘములు దండెములను నిషేధించినవి. బట్టలార్చు యంత్రము ఒక్క పర్యాయమునకు రెండు మూడు యూనిట్ల విద్యుత్తు త్రాగుట చూచి, అచటి కొన్ని రాష్ట్రములు మేల్కొన్నవి. దండెమును నిషేధించు ఒడంబడికలు చెల్లవని ఫ్లోరిడా చట్టము చెప్పుచున్నది. వెర్మాంటు 2009లో అట్టి శాసనమే చేసెను. సంపన్నదేశమే చట్టము చేసి ఎండను తిరిగి తెచ్చుకొనుచుండగా, ఏడాదిలో అధికభాగము ఎండకాయు మనము దానిని సిగ్గుపడి దాచుకొనుట వివేకమా?

ఆలోచించిన దొర గడిలోని నియమమునకును, అపార్టుమెంటు నియమమునకును వేరు ఒక్కటియే యని తోచును. తెల్లని బట్ట అందఱికిని కావలెను. అది తెల్లబడుచున్న దృశ్యము మాత్రము ఎవరికిని కంటబడరాదు. శ్రమ ఫలము కోరి శ్రమను దాచు ఈ బుద్ధియే వెట్టికి తల్లి. వెట్టి చట్టమున చచ్చినను ఈ బుద్ధి చావలేదు.

కావున మా మనవులు మూడు. గ్రామపంచాయతీలు చెరువు రేవుల చెంత ఆరవేయు నేలకు హద్దు రాళ్లు నాటి, దానిని దయగా గాక హక్కుగా వ్రాసియీయవలెను. నగరములలో నివాససంఘములు మిద్దెపై దండెములకు చోటు వదలి, అద్దెవారికిని పనివారికిని అడ్డు చెప్పకుండవలెను. ప్రతి గృహస్థుడు తన యింటి స్త్రీల బట్టలకు, వానిలో ముట్టుబట్టలకు సైతము, ఎండ తగులు చోటు చూపవలెను. ఈ మూటిలో మొదటి రెంటికి సభలు, తీర్మానములు కావలెను. మూడవది రేపటి ఉదయముననే చేయవచ్చును. దానికి రెండు గుంజలును, ఒక త్రాడును చాలును.