ఈ ఏలిముద్ర ఎవరిది? (రిజిస్టర్ల చరిత్ర - 6)

"డేటా ప్రొటెక్షన్ అంటే పాస్‌వర్డ్ పెట్టుకోవడమేనా సార్?" అని పోయిన వారం సెకండియర్ పిల్లాడు అడిగాడు. ఏదో చెప్పి పంపేశాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే చాల్లేదు.

1871లో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ప్రభుత్వం ఒక జాతిని 'నేరస్థ జాతి' అని ప్రకటిస్తే కోర్టులో ప్రశ్నించే వీల్లేదు. రిజిస్టర్లో పేరు ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, చెప్పిన వేళకి హాజరు చూపించుకోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకల కుటుంబాలు ఈ చట్టం కిందే బతికాయి. ఆ రిజిస్టర్ ఎవరి దగ్గరుండాలో కూడా చట్టంలోనే రాశారు: పోలీసు సూపరింటెండెంట్ దగ్గర. అంటే కాగితానికి గట్టి కాపలా ఉంది. కాగితంలో ఉన్న మనిషికే లేదు. 1952కి ఆ చట్టం దేశమంతటా రద్దయింది, దాని జాగాలో చాలా రాష్ట్రాల్లో 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టాలు వచ్చి కూర్చున్నాయి.

2017లో పుట్టస్వామి కేసులో 9 మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఇది మనిషి వైపు నుంచి చూసిన అర్థం. స్టువర్టుపురం తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు.

ఇంకో అర్థం నాకు పీహెచ్‌డీ రోజుల్లో ఒక ఉపాధి హామీ ప్రజావేదికలో తెలిసింది. సామాజిక తనిఖీవాళ్లు మస్టర్ పైకి చదువుతున్నారు. మాల పేటలోంచి ఒక అక్క లేచింది. "ఈ ఏలిముద్ర నాది కాదయ్యా. ఆ వారం కాన్పుకి మా అమ్మోళ్ల ఊళ్లో ఉన్నా." ఆమె కూలీని కాపాడింది దాచిన డేటా కాదు, నలుగురి ముందూ విప్పిన డేటా.

2005 సమాచార హక్కు చట్టంలో, ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదని ఉండేది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాలి. 2023 డేటా రక్షణ చట్టం, సెక్షన్ 44(3)తో, ఈ షరతులన్నీ కోసేసి 'వ్యక్తిగత సమాచారం' అన్న మాటొక్కటే మిగిల్చింది. అదే చట్టం కేంద్రం కోరుకున్న ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు ఇచ్చే వీలూ పెట్టుకుంది! ఇక మన అసైన్డ్ భూమి ఇప్పుడెవరి పేరున ఉందని అడిగితే ఆ ఒక్క మాటతో అర్జీ తిప్పి పంపొచ్చు. 8(2)లో ప్రజాప్రయోజనం దారి ఇంకా ఉంది, నిజమే. కానీ ఆ ప్రయోజనం ఉందో లేదో ముందు తేల్చేది ఆ కాగితాన్ని బీరువాలో పెట్టుకున్న ఆఫీసే.